గంటకి ఏడు అంగుళాలు

డుంబ్రిగుడకు దిగువన, చుట్టూ కొండల మీద పడ్డ వానంతా వచ్చి కలిసే పెద్ద గెడ్డ ఒకటుంది. 1926లో సర్కారువారు దాని మీద రాతి వంతెన కట్టడం మొదలుపెట్టారు. గట్టున పాతిన కొలబద్ద మీద నీటిమట్టం చూసి చెప్పడానికి ఒక మనిషి కావలసివచ్చింది. రోజంతా కూర్చుని నీళ్ళు చూడడం కూడా ఒక పనేనా అని కూలీలు నవ్వారు. కొండదొర తెగ కోడలు కనక మాత్రం నవ్వలేదు.

"నాను సూత్తాను" అంది.

ఆమెకి ముప్పైయైదేళ్ళుంటాయి. మొగుడు గాసి చలిజ్వరంతో పోయాక, పోడు చేలో చోళ్ళూ సామలూ ఒక్కతే పండించి అత్త రాజులమ్మను సాకుతోంది. అక్షరమ్ముక్క రాదు. కాని ఏ కొండ నెత్తిన మబ్బు కమ్మితే గెడ్డలోకి ఎంతసేపటికి ఎర్రనీరు దిగుతుందో ఆమెకి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

పని చూసే ఓవర్సీరు సన్యాసిరావుది సాలూరు. చిన్నవయసు, తొందర మనిషి, మంచివాడు. బద్ద మీది నల్లగీతలు అడుగులనీ, వాటి మధ్య ఎర్రగీతలు అంగుళాలనీ ఆమెకి ఒక పూటలో చూపించాడు. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి మట్టం చెబితే చాలు, రిజిస్టరులో తను రాసుకుంటానన్నాడు. వేళ తెలియడానికి శిబిరంలో వేలాడదీసిన ఇనుప పట్టా మీద గంటగంటకీ కొట్టేవారు.

మొదటి వారంలోనే ఒక పొరపాటు జరిగింది. "పొద్దుటేల నుంచి పది పెరిగింది బాబూ" అంది కనక. పది అంగుళాలనుకుని, పునాది గొయ్యిలోకి నీరు రాకుండా వేసిన మట్టికట్టను మేస్త్రీ పైడయ్య చేత సగం రోజు ఎత్తు చేయించాడు సన్యాసిరావు. తీరా వచ్చి చూస్తే నీరు పెరిగింది ఏడంగుళాలకు మించలేదు. కనక చెప్పింది పది వేళ్ళ వెడల్పు.

పైడయ్య మండిపడ్డాడు. సన్యాసిరావు మాత్రం తల గోక్కుని, "తప్పు నాదే. పది అంటే ఏవిటి పది అని నేను అడగాలి. ఇకమీదట దేంతో కొలిచావో, ఎంతసేపట్లోనో చెప్పకుండా నువ్వు అంకె చెప్పకు, నేను రాయను" అన్నాడు.

ఆ మాట కనక మనసులో నాటుకుంది. లెక్క కూడా నేర్పమంది. ఆఖరి మట్టంలోంచి మొదటి మట్టం తీసేయాలి, మిగిలిన అంగుళాలను గడిచిన గంటలకు పంచాలి. భాగహారం ఆమెకి పట్టుబడక, గులకరాళ్ళు ఏరుకొచ్చి ఆకుదొప్పల్లో పంచింది. గంటకొక దొప్ప, అంగుళానికొక రాయి. అన్ని దొప్పల్లోనూ సమంగా పడితే, ఒక దొప్పలో ఎన్నుంటే గంటకి అన్ని అంగుళాలు. సన్యాసిరావు కాగితం మీద చేసి చూస్తే సరిగ్గా అంతే వచ్చింది.

"బాగుంది గాని బాబూ, మనం సమంగా పంచుతన్నాం. గెడ్డ అలాగ పంచదు గదా" అంది కనక.

"సగటు అంటే అదే మరి" అని నవ్వాడాయన.

ఆ నవ్వుతో ఆమె సరిపెట్టుకోలేదు. ఎగువన మబ్బు కమ్మిన రోజున, తనని ఎవరూ అడక్కపోయినా, పట్టా మోగినప్పుడల్లా మట్టం చూసి పక్కనున్న పలకబండ మీద బొగ్గుతో గీతలు పెట్టడం మొదలుపెట్టింది.

శ్రావణమాసంలో ఒకరోజు గెడ్డ మధ్య స్తంభానికి పునాది రాళ్ళు పేరుస్తున్నారు. చుట్టూ మట్టికట్ట, లోపల లోతైన గొయ్యి, గొయ్యిలో నలభైమంది. కట్ట ఎత్తు, బద్ద మీద చూస్తే ఆరడుగులకు సమానం. పొద్దున్న ఆరింటికి నీరు అడుగున్నర. పన్నెండింటికి మూడడుగులు. సన్యాసిరావు వచ్చి లెక్క కట్టాడు.

"ఆరు గంటల్లో పద్దెనిమిది అంగుళాలు. గంటకి మూడు. కట్ట దాటడానికి ఇంకా ముప్పైయారు అంగుళాలుంది, అంటే పన్నెండు గంటలు. సాయంత్రానికి రాళ్ళు పేర్చేసి బయటపడొచ్చు."

"లెక్క తప్పు కాదు బాబూ. కాని ఆ మూడు నమ్మకండి" అంది కనక. ఆయన్ని బండ దగ్గరికి తీసుకెళ్ళింది. "సూడండి. ఆరు నుంచి పది దాకా నాలుగు గంటలు, నాలుగే అంగుళాలు. గంటకి ఒకటి. పది నుంచి పన్నెండు దాకా రెండు గంటల్లో పద్నాలుగు. గంటకి ఏడు! ఇప్పుడు నడుత్తన్న నీరు ఏడుది, మూడుది కాదు. గంటకి ఏడు లెక్కన ముప్పైయారుకి అయిదు గంటలు. అయిదింటికి కట్ట మీదకొచ్చేత్తాది. ఇంకా జోరందుకుంటే అంతవరకూ కూడా ఆగదు."

సన్యాసిరావు గీతలు రెండుసార్లు లెక్కపెట్టాడు. కట్ట మీద నుంచి పైడయ్య కేకేశాడు. "ఏటి బాబూ, దాని మాట ఇని పని ఆపేత్తారేటి? ఇంకో రెండు వరసలే!"

"ఒక్క గంట చూద్దాం" అన్నాడు సన్యాసిరావు, ఇద్దరినీ కాదనలేక.

ఒంటిగంట కొట్టేసరికి మట్టం మూడడుగుల తొమ్మిదంగుళాలు.

"ఈ గంటలో తొమ్మిది అంగుళాలు బాబూ. ఇంకా ఇరవైయేడే మిగిలింది. ఇదే జోరైతే మూడు గంటలు. జోరు పెరుగుతంది గాని తగ్గడం నేదు. బేగి పైకి రమ్మనండి!"

ఈసారి ఆయన ఆలోచించలేదు. స్వయంగా కట్ట మీదికి పరుగెత్తి అందరినీ పైకి రమ్మన్నాడు. పైడయ్య సణుగుతూనే ఒక్కొక్కరికీ చెయ్యందించాడు. గునపాలూ తట్టలూ మోసుకుని ఆఖరిమనిషి గట్టెక్కేసరికి రెండు దాటింది. అప్పటికి మట్టం నాలుగడుగుల ఎనిమిది. మూడు కొట్టకముందే నీరు కట్ట మీదుగా పొర్లింది. చూస్తుండగానే కట్ట ఒక పక్క తెగి, గొయ్యంతా ఎర్రనీరు సుళ్ళు తిరిగింది.

 పైడయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుని, కనక దగ్గరికొచ్చి బండ మీది బొగ్గుగీతలు వంగి చూశాడు.

"ఇయ్యి నాకూ నేర్పవా అప్పా" అన్నాడు.

ఆ నెలాఖరున పెద్ద ఇంజనీరు గుర్రమెక్కి తనిఖీకి వచ్చాడు. రిజిస్టరులో కొత్తగా రాసిన గంటగంట మట్టాలు చూసి, ఈ తెలివి ఎవరిదని అడిగాడు. సన్యాసిరావు దాచుకోకుండా చెప్పి కనకను పిలిపించాడు.

"ఆ రోజు నీరు ఎంత జోరుగా పెరిగింది?" అన్నాడు ఇంజనీరు.

చీర కుచ్చెళ్ళకంటిన బురదతోనే వచ్చి నిలబడింది కనక. తల వంచలేదు. "ఏ యేల నుంచి ఏ యేల దాకా బాబూ? పొద్దంతా కలిపి సెప్పమంటారా, ఆఖరి గంటదా?"

ఇంజనీరు కాగితాలు వెనక్కి తిప్పాడు. కలం అడిగి తీసుకుని, రిజిస్టరు మొదటి పేజీలో నీటిమట్టం చూసేవారి పేరు రాయవలసినచోట తన చేత్తోనే 'కనక' అని రాశాడు. అప్పటివరకూ అక్కడ గీత తప్ప ఏమీ లేదు. వానాకాలమంతా గంటగంటకీ మట్టం చూడాలనీ, కింది గెడ్డల దగ్గర పనిచేసేవాళ్ళు వచ్చి ఈవిడ దగ్గర నేర్చుకోవాలనీ ఉత్తరువు ఇచ్చి వెళ్ళాడు.

ఆ సాయంత్రం రాజులమ్మ అంబలి ముంత కోడలి ముందు పెట్టి, ఇంజనీరు ఏమన్నాడో మొదట్నుంచీ చెప్పించుకుంది. తరవాత లేచి, ఇరుగింటికీ పొరుగింటికీ తనే వెళ్ళి చెప్పి వచ్చింది.