ఖస్వస్తికం

శ్రీరస్తు. ఎనిమిది దిక్కులకూ, ఆ దిక్కులన్నింటికీ పైనున్న నడినెత్తికీ నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ విదియ, మంగళవారం నాడు కోపంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. శాంతించిన తరువాత రాయాలని పెద్దలంటారు. అలా ఆగితే నేనిది ఎన్నటికీ రాయను.

ఉదయం మా కాలనీ సంఘం వారు బతుకమ్మ ఆటకు ఆహ్వానం పంపుతూ, కొత్తగా రంగులు వేయించిన హాలు ఫోటోను ఫోనుకు జతచేశారు. వేదిక వెనుక గోడమీద పెద్ద ఫ్లెక్సీ, అందులో నక్షత్రపటం. ఉత్తరం పైన ఉంది. తూర్పు కుడివైపున ఉంది. అంటే ఆకాశం మొత్తం అద్దంలో ప్రతిబింబంలా తారుమారైంది. ఇదే గోడమీద, ఇదే తప్పు కారణంగా, తెలంగాణ ఉద్యమం రోజులలో మా బావ గుండె గాయపడింది. గోడకు సున్నం మారింది గాని తప్పు మారలేదు.

సంగతి తెలియాలంటే ముందు ఖస్వస్తికమంటే ఏమిటో చెప్పాలి. నేలమీద నిలబడిన మనిషికి నడినెత్తిన, సరిగ్గా నిట్టనిలువుగా, ఆకాశంలో ఉండే బిందువే ఖస్వస్తికం. నక్షత్రపటం గీసేవాడు ముందు ఆ బిందువును నడుమ పెట్టుకుంటాడు. చుట్టూ గీసే వలయం క్షితిజం. మిగిలిన చుక్కలన్నీ ఆ రెంటి మధ్య సర్దుకుంటాయి. ఈ బిందువు అందరికీ ఒకటి కాదు. సైదాబాదులో నిలుచున్నవాడిది వేరు, నాగోలులో నిలుచున్నవాడిది వేరు. నడిచేవాడితో అదీ నడుస్తుంది. భూపటాన్ని పైనుంచి కిందికి చూస్తాం, నక్షత్రపటాన్ని కిందినుంచి పైకి చూస్తాం. అందుచేత దానిని గోడకు వేలాడదీస్తే తూర్పు ఎడమకు వస్తుంది. చూసేవాడికి అది తప్పుగా తోస్తుంది. నెత్తిమీద ఎత్తిపట్టుకుంటే తూర్పు తూర్పునే ఉంటుంది.

మా అక్క భర్తది పోచంపల్లి దగ్గరి నేత కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టినా ఇంటి వెనుక మగ్గాన్ని మాత్రం వదలలేదు. నోరు పెద్దది, గర్వం అంతకన్న పెద్దది. బడిపంతులునైన నేను గీసి ఇచ్చిన కార్తిక మాసపు రాత్రి ఆకాశాన్ని ఆయన నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత మగ్గమెక్కించి నేశాడు. తూర్పు అంచున ఉదయసూర్యుణ్ణి, ఉత్తరపు అంచున ధ్రువుణ్ణి పెట్టాడు. అలా నేసిన గుడ్డకు ముందు వెనుకలుండవు. ఏ వైపు చూసినా బొమ్మ ఒకే తీరున మెరుస్తుంది. ఆ పనితనమే మా కొంప ముంచింది.

“కండ్లు మసకలైతున్నయి బామ్మర్దీ. ఇగ ఇసొంటిది నాతోని కాదు. గిది సక్కగ కట్టి, పోరగాండ్లు సూసి సుక్కల పేర్లు జెప్తె సాలు నాకు,” అని తెచ్చి హాలులో ఇచ్చాడు. ఆయన కోరింది అంతే.

సంఘం అధ్యక్షుడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన విశ్రాంత ఇంజనీరు. మరునాడు మేం వెళ్ళేసరికి గుడ్డను తిరగవేయించి కట్టించాడు. పనివాళ్ళకు ఒక్క క్షణం పని. ముందు వెనుకలు లేని గుడ్డ కదా!

“తూర్పు ఎడం పక్కకొచ్చిందేంటండీ పంతులుగారూ? ఉద్యోగమంతా మ్యాపుల మీదే గడిపినవాణ్ణండీ నేను,” అన్నాడు. నేను ఖస్వస్తికం గురించి వివరించబోయాను. ఆయన నవ్వి, చుట్టూ ఉన్నవారు వినేటట్టు, “మీవాళ్ళకి దిక్కులు కూడా మేమే నేర్పాలాండీ?” అన్నాడు.

ఆ నవ్వు నేటికీ నా చెవిలో నిప్పుకణంలా ఉంది. అజ్ఞానాన్ని క్షమించవచ్చు, అజ్ఞానం అధికారపీఠమెక్కి పరిహసిస్తే క్షమించరాదు. నా నడినెత్తి ఎక్కడుందో నేను చూసి చెబుతుంటే, కాదు, నేను నిర్ణయిస్తానని మరొకడనడం! ఆనాడు వీధులన్నీ ఎందుకు మండుతున్నాయో నాకు ఆ గోడముందే పూర్తిగా అర్థమయింది.

బావ కుర్చీ ఎక్కి, ముడులు విప్పి, గుడ్డను భుజాన వేసుకుని వచ్చేశాడు. వీధిలో, “గుడ్డ తిప్పితె తిప్పిండు. గా మాట ఎట్లంటడు?” అంటూ ఇంటిదాకా అదే మాట.

కొన్నాళ్ళకు ఎల్.బి.నగర్ చౌరస్తాలో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ వంటావార్పు జరిగింది. నడిరోడ్డున పొయ్యిలు, బండెడు కూరగాయలు, ఎక్కడికక్కడ ఆగిన బస్సులు. సూర్యుడు ఖస్వస్తికానికి చేరువై నెత్తి మాడ్చుతున్నాడు. నీడకని బావ ఆ గుడ్డే తెచ్చాడు. మా కాలనీ పిల్లలు నాలుగు గుంజలకు కట్టారు. చూస్తే గుడ్డమీది ధ్రువుడు ఉత్తరానే ఉన్నాడు, ఉదయసూర్యుడు దిల్‌సుఖ్‌నగర్ వైపు, పడమటికి తిరిగి ఉన్నాడు!

“తిప్పి కట్టండిరా!” అని అరిచాను.

“ఏందే తాతా, నీడ నీడే గద! ఎటుంటె ఏంది?” అన్నాడు ఒకడు.

“ఏందిరా ఏంది! ఆయన తిప్పితె లొల్లి జేసినం, నువ్వు తిప్పితె ఊకుంటమా?” అని బావ వాడిమీద విరుచుకుపడ్డాడు. పప్పు కలుపుతున్న అక్క, “మీ సుక్కలు నా పప్పుల వడ్తయి, జర పైకి గుంజుండ్రి!” అని గరిటె ఎత్తింది.

తిప్పి కట్టారు. సూర్యుడు విజయవాడ రోడ్డు వైపు, అచ్చంగా తాను పొడిచే దిక్కుకు తిరిగాడు. అప్పుడే బస్సు ఆగి నడిచివస్తున్న అధ్యక్షుడు ఆ గుంపులో చిక్కుకున్నాడు. “ఎండల ఏడవోతవన్నా, రా, ఇంత తిను,” అని అక్క ఆయనను కూర్చోబెట్టి విస్తరి వేసింది. నేను ఎదుట నిలిచి, “తలెత్తి చూడండి. తూర్పు ఎటుంది?” అన్నాను.

ఆయన తలెత్తాడు. రోడ్డు వైపు చూశాడు. మళ్ళీ తలెత్తాడు. అన్నం కలుపుతూ, “రోడ్డు మీద సరేనండీ. హాల్లో మాత్రం పటంలాగే ఉండాలి,” అన్నాడు.

ఆకాశం ఆయనకు అర్థమయింది, ఒప్పుకోవడమే చేతకాలేదు. అక్క రెండోసారి పప్పు వడ్డించింది. నేనైతే వడ్డించేవాణ్ణి కాను.

బావ పొగ పట్టిన ఆ గుడ్డను మడుస్తూ, “గోడకు కడ్తెనే గద గీ పంచాది. ఇగ గోడకు కట్ట,” అన్నాడు. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. హాలువాళ్ళు రెండుసార్లు మనిషిని పంపినా ఇవ్వలేదు.

కాలం నడినెత్తికి చేరిన ప్రతి చుక్కనూ పడమటికి దించుతుంది. మనిషి పట్టుదలను మాత్రం ఎందుకో దించదు, వారిదీ, నాదీ.

రెండువేల పద్నాలుగు, జూన్ రెండవ తేదీన రాష్ట్రం ఏర్పడింది. ఆ ఉదయం బావ తన దుకాణం లోపల, పైకప్పుకు అడుగున ఆ గుడ్డను పరిచి, చుట్టూ మేకులు కొట్టించాడు. తలెత్తి చూస్తే సూర్యుడు తూర్పునే ఉన్నాడు.