లక్కలో కనిపించిన ముడి

మా నాణేల సంఘం వేసిన పుస్తకంలో నా వ్యాసం ఒకటుంది. అందులోని గ్రీకు కంచు నాణెం అసలైనదే. దాని మీద ఉన్నదెవరో నేనే కనిపెట్టానని రాసుకున్నాను చూడండి, అది అబద్ధం.

కనిపెట్టింది పాతబస్తీలో లక్క గాజులు చేసే ఒక చాచా. పాత ఇత్తడి సామాన్లతో కలిసి ఆయన చేతికొచ్చిన నాణెం అది, ఏమిటో చెప్పమని నాకు చూపించాడు. రూపాయి బిళ్ళకన్నా చిన్నది, చిలుం పట్టి ఉంది. తెరిచిన సింహం నోరు కనిపించగానే నరసింహస్వామి అనేశాను. ఇరవై ఏళ్లుగా నాణేలు పోగుచేస్తున్నవాణ్ణి, నా మాటకు తిరుగేముంటుందనుకున్నాను.

చాచా వాదించలేదు. నాణేనికి కాస్త నూనె రాసి, కుంపటి దగ్గర మెత్తబడ్డ లక్కముద్ద మీద ఒత్తాడు. అచ్చులు చదవడం ఆయనకు రోజూ ఉండే పనే. ముద్దను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూపించాడు.

"గట్ల కాదు సాబ్. సింహం నోట్ల మనిషి మొహం ఉంది చూడుండ్రి. గడ్డం కింద ఈ ముడి ఏంది? పంజాలు. తోలు కప్పుకున్నడు. దేవుడైతే తన తలకాయ తానే ముడేసుకుంటడా?"

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, అతను హెరాక్లీస్. ఏ ఆయుధమూ దిగని సింహాన్ని గొంతు నులిమి చంపి, దాని గోళ్లతోనే తోలు ఒలిచి కప్పుకున్న వీరుడు. నాణెం వెనకవైపు ఉన్నది అతని గద.

సంఘంలో ఆ ముడిని నేనే చూశానని చెప్పాను. అక్కడితో ఆగలేదు. గాజులాయన దాన్ని తుక్కు ఇత్తడి అనుకున్నాడని చెప్పి అందర్నీ నవ్వించాను. ఆ నవ్వుల్లో నాదే పెద్దది. ఆ మాటే వ్యాసంలోనూ రాశాను.

పుస్తకం మళ్లీ అచ్చువేస్తున్నారని తెలిసి, చాచా దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన చేతిలో పని ఆపలేదు. పేరు వేయిస్తానంటే వద్దన్నాడు.

"లక్క పనోడు చూసిండని రాయుండ్రి, చాలు. ఆ తుక్కు అన్న మాట తీసేయుండ్రి."

మా కార్యదర్శి ఒప్పుకోలేదు. గాజుల పనివాడు చెప్పాడని వేస్తే పుస్తకాన్ని ఎవరు నమ్ముతారన్నాడు. ఇప్పుడు కెలికితే పోయేది మీ పరువేనని నాకు నచ్చజెప్పాడు. పోనివ్వండి, అన్నాను. ఉన్నదున్నట్టు వేయండి, లేదంటే నా వ్యాసమే తీసేయండి. తీసేశారు. మర్నాడు వాట్సాప్ గ్రూపులోంచి నన్నూ తీసేశారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ ముడిని చూసింది లక్క పనివాడు. దాన్ని తుక్కు అన్నది నేను. కాదనేవాళ్లుంటే నాతో రండి. చాచా పొద్దున పదింటికి దుకాణం తీస్తాడు.