గొట్టంలో అడ్డుపడని మందు

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఆలూరులో మా వంటింట్లో, నేను నానో మందు కనిపెట్టాను. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే చేతకాని పని. సరే, అంత లేదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి; కల్వంలో మాత్ర నూరాను, అంతే.

నా భార్యకు గొంతులో కేన్సరు. మింగలేదు. కర్నూలు ఆసుపత్రిలో ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి పంపారు. జావైనా మందైనా అందులోనే పొయ్యాలి. ఆమె మాత్రేమో నీళ్లలో కరగని రకం. పొడి చేసి కలిపితే ఇసుకలా అడుక్కి దిగేది. ఒకరోజు ఆ మడ్డి గొట్టాన్ని మూసేసింది. మళ్లీ కర్నూలు పోయాం. పాతది లాగి కొత్తది దూర్చేటప్పుడు ఆమె మంచం పట్టెను పట్టుకున్న తీరు ఇప్పటికీ మరపురాదు.

తిరిగొచ్చే బస్సులో బొంగురుగా అంది: "నీ సదువంతా నా ముక్కులో ఇరుక్కునుండాది సూడు. మళ్లా పీకిస్తావా?"

"పీకియ్యనులే."

మాటైతే ఇచ్చాను గానీ దారి తెలియదు. ఆ మధ్య చదివిన సంగతొకటి గుర్తొచ్చింది. నీళ్లలో కరగని మందును అతి సన్నని నలుసులు చేసి, కొమ్మలు కొమ్మలుగా చీలిన పాలిమర్‌ను వాటికి తొడుగుతారట. చేను చుట్టూ కంప వేసినట్టు. ఇంక ఒక నలుసు ఇంకోదాన్ని అంటుకోదు, గడ్డకట్టదు. అలాంటి పాలిమర్ ఆలూరులో యాడ దొరుకుతుంది? తుమ్మబంక అణువుకూ కొమ్మలుంటాయి కదా అనుకుని అంగడికి పోయాను.

"బంకెందుకు సారూ, ఈ వయసులో గాలిపటాలు అంటిస్తావా?" అన్నాడు అంగడాయన.

"మందు చేస్తాండాప్పా. నానో మందు."

"అట్లయితే నా మోకాళ్లకూ రోంత ఇయ్యి."

డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టాను. పొడి నూరి, తర్వాత బంకనీళ్లు పోస్తే లాభం లేకపోయింది. మళ్లీ అడుక్కే దిగింది. పలచటి బంకనీళ్లలోనే వేసి, చెయ్యి పడిపోయేదాకా నూరితే నిలబడింది. పొద్దున కలిపింది సాయంత్రానికీ పాలలాగే ఉంది.

ఇంక నా నోటికి పట్టపగ్గాల్లేవు. ఆమె గొంతులో గడ్డ కరిగిపోతోందని వీధి వీధంతా చెప్పాను. అబద్ధం. గడ్డ పెరుగుతూనే ఉంది. నా నలుసులు వేలికి తగలనంత సన్నవే, నానో మాత్రం కాదు.

లోపల మంచం మీదినుంచి అంతా విన్న మనిషి ఒకటే అంది: "కోతలు సాలు గానీ, నూరు."

చలికాలంలో ఒక తెల్లవారుజామున పోయింది. ఊరి ఆసుపత్రి నర్సు వచ్చి గొట్టం తీసింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టి చూశాను. ఈ కొననుంచి ఆ కొనదాకా తేటగా ఉంది.

వంటింట్లో, కల్వంలో, ఆ పూటకని నూరిపెట్టిన మందు ఇంకా తేరుకోకుండా అలాగే నిలబడి ఉంది.