అటుపక్క అంచు

వనపర్తిలోని మా ఆఫీసులో కరెంటు పోగానే బల్ల కింది యూపీఎస్ కీచుమంటూ అరుస్తుంది. చేస్తున్న పని ఎక్కడ పోతుందోనని అందరూ తొందరపడతారు. నాకు మాత్రం గద్వాల పాత బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరు, వేడెక్కిన కంప్యూటర్ల వాసన, వాటి మీదుగా వినిపించే సుజాతక్క గొంతు గుర్తొస్తాయి. "ఎవ్వరు లేవకుండ్రి, జర ఆగుండ్రి!"

నేను ఇంటర్ చదువుతున్న రోజులవి. సెంటరు సుజాతక్క వాళ్ల అన్నయ్యది. ఆయన ఊళ్లు తిరిగి కంప్యూటర్లు బాగుచేసేవాడు, కౌంటర్ దగ్గర అక్క కూర్చునేది. కాలేజీ వదలగానే మేం ఐదుగురం అక్కడ చేరి ఒక ఆన్‌లైన్ యుద్ధం ఆట ఆడేవాళ్లం. ఖడ్గవీరుడు, విలుకాడు, మంత్రగాడు, ఎవరికి నచ్చిన వేషం వాళ్లు తీసుకోవచ్చు. నేను వైద్యుణ్ణి. దెబ్బతిన్నవాళ్లకు ప్రాణం పోయడం నా పని. ఆట ముగిశాక తెర మీద వచ్చే పట్టికలో మాత్రం ఎవరు ఎందరిని చంపారన్నదే లెక్క. నా పేరు ఎప్పుడూ అడుగునే ఉండేది. మా జట్టు నాయకుడు ప్రవీణ్ నన్ను 'కాంపౌండర్' అనేవాడు. ఇప్పటికీ బజార్లో కనబడితే అలాగే పిలుస్తాడు. నేను పలకను.

ఒక మధ్యాహ్నం సెంటరు ఖాళీగా ఉంటే, అక్క తెర మీదా అదే ఆట కనిపించింది. తెల్లటి అంగీ, చేతిలో కర్ర. ఆమెదీ వైద్యుడే.

"నువ్వు గూడ ఇదేనా అక్కా?"

"ఏం, కత్తి పట్టుకొని ఉరకమంటవా? ఉరికేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

ఆ రోజు నుంచి ఆమె కుర్చీ వెనక నిలబడి నేర్చుకున్నాను. ఎవరి ప్రాణం ఎంత మిగిలిందో తెర మీద ఒక గీత చూపిస్తుంది. అక్క ఆ గీతను చూసేది కాదు, మనిషిని చూసేది. "వీడు కోపంల ఉన్నడు, ఇప్పుడు ముందుకు పోతడు, దెబ్బ తింటడు," అని ముందే మందు సిద్ధం చేసుకునేది. ఆమె చెప్పినట్టే వాడు పోయి దెబ్బ తినేవాడు.

వనపర్తి సెంటరు పిల్లలతో పోటీ పెట్టుకున్న రోజు మేం కోట కాయాలి. గడువు ముగిసేదాకా తలుపు నిలిస్తే మాదే గెలుపు. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాతది, అన్నిటినీ మోయలేదు. ఒక సిస్టమ్ ఆపక తప్పదని అక్క అంది.

"కాంపౌండర్‌ది బంద్ చెయ్యక్కా," అన్నాడు ప్రవీణ్. "వాడు ఎవన్ని సంపిండని?"

"వాడు సంపలే, సరే. వాడు లేకపోతె నువ్వు ఈపాటికి ఎన్నిసార్లు సచ్చేటోనివో యాదుందా?" అంటూ అక్క వంగి ప్రవీణ్ సిస్టమే ఆపేసింది.

"అక్కా! నేను కెప్టెన్‌ను!"

"అయితె నిలవడి చెప్పు. వీళ్లు ఆడుతరు."

తలుపు నిలిచింది. మేం గెలిచాం. పట్టికలో నా పేరు పక్కన సున్నా. ఆ సాయంత్రం మిర్చీ బండి దగ్గర ప్రవీణ్ అందరికీ చెబుతున్నాడు. "కూసోని ఆడితె ఏమున్నది? నేను నిలవడి చెప్పిన, గెలిచినం." వైద్యుడి ఊసే లేదు.

మర్నాడు అక్క దగ్గరికి పోయి మొత్తుకున్నాను. పోనీలే తమ్మీ అంటుందనుకున్నాను.

"నేను గట్ల అనను," అంది. "మా ఇంట్ల చీర నేస్తుంటె మా నాయిన మగ్గం మీద కూసుంటడు. అటుపక్క కూసోని, చీర నూలు ఒంటికి పట్టు అంచు పోగుపోగు పెనేసేది నేను. ఆ కలిపిన కాడ ఊడితె చీర రెండు ముక్కలే. దుకాణం సేటు చీర విప్పి, మా నాయిన పేరు చెప్పి, నర్సింలు నేసిండు అంటడు. నా పేరు ఎవ్వరన్న చెప్పిండ్రా? నేను అడగలె. అడగాల్సి ఉండె. నువ్వు అడుగు."

ఇద్దరం కూర్చుని ఆ ఆట ఆడేవాళ్ల ఆన్‌లైన్ వేదికలో ఒక ఫిర్యాదు రాశాం. ఆమె తెలుగులో చెబితే నేను నాకొచ్చిన ఇంగ్లీషులో పెట్టాను. నిలబెట్టిన ప్రాణాలకూ పట్టికలో ఒక గడి ఉండాలని అడిగాం. ముఖం తెలియనివాళ్లు నవ్వారు. చంపడం చేతగాకపోతే ఆట మానుకోమన్నారు. ఆ పేర్లు కొన్ని నాకింకా గుర్తున్నాయి.

"మల్ల రాయి," అంది అక్క. మళ్లీ రాశాం.

తర్వాత అక్కకు రాయచూరు సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక వాళ్లన్న సెంటరు ఎత్తేశాడు. నేను డిగ్రీకి వనపర్తి వచ్చేశాను. అక్కడొక సెంటర్లో ఆ ఆట తెరిచిన రోజు పట్టికలో కొత్త గడి కనిపించింది. నిలబెట్టిన ప్రాణాలు. ఆట ముగిసేసరికి ఆ గడిలో నా పేరే పైన. అలవాటుగా కౌంటర్ వైపు తిరిగాను. అక్కడెవరో పేపరు చదువుకుంటున్నాడు. ఆటలోని స్నేహితుల జాబితాలో అక్క పేరు, ఆన్‌లైన్‌లో లేదన్నట్టు, బూడిదరంగులో ఉంది. "గడి వచ్చింది అక్కా," అని పంపాను. ఆ ఆట మూతపడేదాకా ఆ పేరు రంగు మారలేదు. ఆమె చూసిందో లేదో నాకు నేటికీ తెలియదు.

మొన్న గద్వాలలో చీర కొనడానికి వెళ్తే, దుకాణదారు ఒకటి విప్పి నేసినాయన గురించి గొప్పగా చెప్పాడు. నేను చీర ఒళ్లూ అంచూ కలిసిన చోట వేళ్లతో పట్టి గుంజి చూశాను. గట్టిగా ఉంది.

"అటుపక్క కూర్చున్నదెవరు?"

"అదెవరడుగుతరు సార్?"

"నేనడుగుతున్న."

కదలనని అర్థమయ్యాక ఆయన విసుగ్గా ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు.

"యాదమ్మంట," అన్నాడు, నోట్లోనే.

నాకు వినబడింది. అయినా, దుకాణంలో అందరికీ వినబడేలా ఇంకోసారి చెప్పమన్నాను.