తలుపు నుంచి సోఫా దాకా ఒక అబద్ధం

2023 ఆగస్టు 12వ తేదీ, శనివారం ఉదయం పదకొండు గంటలకు రాజేశం గారు మొదటిసారి మా ఎడిటింగ్ గదిలోకి వచ్చారు. సూరత్ రింగ్ రోడ్‌లోని బట్టల మార్కెట్ల వెనక వీధిలో, ఒక పాత భవనం మూడో అంతస్తులో మా కేబుల్ చానల్ కార్యాలయం ఉంది. ఆ రోజు లిఫ్ట్ పనిచేయడం లేదు. చిన్నతనంలో పోలియో సోకడం వల్ల ఆయన ఎడమ కాలు సన్నబడింది. ప్రతి అడుగుకూ ఎడమ అరచేతిని మోకాలి మీద ఆనించి, కాలిని నిలబెట్టుకొని నడుస్తారు. మూడు అంతస్తులూ అలాగే ఎక్కివచ్చి, కుర్చీలో కూర్చొని, మొహం తుడుచుకొని అన్నారు:

"లిఫ్ట్ నన్ను జూసి సిగ్గువడ్డట్టున్నది చెల్లె. తలుపే తెరుస్తలేదు."

నేను ఆ చానల్‌లో ఎడిటర్‌ని. మాది సూరత్‌లోని లింబాయత్ పేటలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసినదాన్ని నేనే మొదట. నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు వివరించడానికి ఇప్పటికీ కష్టపడుతుంటాను. చిత్రీకరించిన దృశ్యాలను కత్తిరించి, వరుసలో పేర్చి, మాటలూ శబ్దాలూ సరిచూసి ప్రసారానికి సిద్ధం చేయడం నా పని. సూరత్‌లోని తెలుగు కుటుంబాల కోసం మా చానల్ ప్రతి బుధవారం సాయంత్రం అరగంట హాస్య కార్యక్రమం ప్రసారం చేస్తుంది. అందులో వినిపించే నవ్వులు స్టూడియోలో ఎవరూ నవ్వినవి కావు. ఎప్పుడో రికార్డు చేసి ఉంచిన నవ్వులను అవసరమైన చోట అతికిస్తాం. దీనిని లాఫ్ ట్రాక్ అంటారు. దానితోపాటు స్టింగ్‌లు కూడా ఉంటాయి. స్టింగ్ అంటే, ఇక్కడ నవ్వాలి అని ప్రేక్షకుడికి చెప్పడానికి వేసే చిన్న శబ్దం. జారిపడితే ఈల, ఆశ్చర్యపోతే గంట.

నాకంటే ముందు పనిచేసినవారు ఈ శబ్దాలను కంప్యూటర్‌లో విడివిడి ఫోల్డర్లలో సర్దిపెట్టారు. వాటిలో మూడింటి పేర్లు కుంటి, నత్తి, చెవుడు. ఆ పాత్రలు మా కార్యక్రమంలో తరచుగా వస్తాయి. అవి తెర మీదికి రాగానే శబ్దం వేయాలి, వెంటనే నవ్వు వేయాలి. ఆ పాత్రలకు మాటలు తక్కువ. రావడమే వారి హాస్యం.

రాజేశం గారు మా మార్కెట్లలోనే ఒక చీరల దుకాణంలో మడతల పని చేసేవారు. లింబాయత్‌లో పెళ్లి జరిగితే భోజనాల తర్వాత ఆయన చుట్టూ జనం చేరేవారు. మాటకు మాట అందించి నవ్వించగల మనిషి. నాటకాల్లో మాత్రం ఆయనకు దక్కినది వేరు.

"ఇరవై ఏండ్ల సంది ఎవరు పిలిచినా అడుక్కునేటోని వేషమే చెల్లె. ఒకసారి డాక్టర్ వేషం ఇయ్యున్రి అన్న. కుంటి డాక్టర్ దగ్గరికి ఎవడొస్తడన్నరు. డాక్టర్ కాళ్లతోని సూది ఇస్తడా ఏంది?"

మా దర్శకుడు వేణు సార్ ఆయనకు మొదటిసారిగా మాటలున్న పాత్ర ఇచ్చారు. అది పెళ్లి సంబంధాలు కుదిర్చే మనిషి పాత్ర. ఈ ఒక్క ఎపిసోడ్ చూసి బాగుంటే ప్రతి వారం ఉంచుతామని, లేకపోతే ఇంతటితో సరి అని చెప్పారు. ఆయన మూడంతస్తులు ఎక్కి వచ్చింది తన దృశ్యం ఎలా వచ్చిందో చూసుకోవడానికే.

దృశ్యం చిన్నది. అమ్మాయి తల్లి సోఫా పక్కన నిలబడి ఉంటుంది. మధ్యవర్తి తలుపు దగ్గరి నుంచే సంబంధం గురించి చెప్పడం మొదలుపెట్టి, గది దాటివచ్చి సోఫాలో కూర్చుంటాడు. వేణు సార్ నాకు ముందే చెప్పి ఉంచారు. "తలుపు తియ్యంగనే స్ప్రింగ్ శబ్దం వెయ్. సోఫా దాకా అడుగడుగుకూ స్ప్రింగ్, దాని మీద నవ్వు. కూసున్నంకనే మాటలు వినబడాలె." నేను అలాగే చేశాను. రాజేశం గారికి చూపించాను.

ఆయన కోప్పడలేదు. తెర వైపు కొంతసేపు చూసి అడిగారు:

"ఈ నవ్వేటోళ్లు ఎవరు చెల్లె?"

"ఎవరో తెలియదన్నా. ఎప్పుడో రికార్డు చేసిన నవ్వు."

"అంటే, నేను నోరు తెరవకముందే నవ్విపోయిన్రు. ఇగ నా మాట వినేటోడు ఎవడు?"

నాకు బాధ కలిగింది. ఆయన మర్యాద కాపాడాలనిపించింది. కూర్చొమ్మని చెప్పి, అప్పటికప్పుడు మరో రూపం తయారుచేశాను. స్ప్రింగ్ తీసేశాను, నవ్వు తీసేశాను. నడకను కూడా తీసేశాను. తలుపు దగ్గర ఆయన ముఖం, వెంటనే సోఫాలో కూర్చున్న ఆయన. మధ్యలో కాలం కత్తిరించే ఈ పద్ధతిని జంప్ కట్ అంటారు. చాలా సభ్యంగా వచ్చిందని నాకు అనిపించింది.

"ఇప్పుడెట్ల ఉందన్నా?"

"మస్తుగుంది. పిట్ట లెక్క ఎగిరొచ్చి కూసున్న."

"మీ కాలు కనబడకుండా ఉంటే మర్యాదగా ఉంటుందని..."

"నీ మర్యాద నాకు అర్థమైంది బిడ్డా. గని నా ముచ్చట యాడ వోయింది? నేను చెప్పిందంతా ఆ నడకలనే ఉండె గద. ఒక్కసారి ఏం కలపకుండ, తీసింది తీసినట్టు వెట్టు."

అప్పటిదాకా ఆ దృశ్యాన్ని స్ప్రింగ్ ఎక్కడ పెట్టాలో వెతుకుతూ మాత్రమే చూశాను. ఏ శబ్దమూ కలపకుండా చూడడం అదే మొదటిసారి. తలుపు దగ్గర నిలబడి, గుమ్మాన్ని పట్టుకొని, ఆయన గొప్పగా చెబుతారు: "పిల్లగానికి అడాజన్‌ల మూడు రూముల ఫ్లాట్ ఉన్నదక్కా!" అడాజన్ సూరత్‌లో డబ్బున్నవాళ్లు ఉండే పేట, తల్లి ముఖం వెలిగిపోతుంది. ఆయన మోకాలి మీద చేయి ఆనించి ఒక అడుగు వేస్తారు. "ఉన్నదంటే, ఆయన ఉండేది ఆ సొసైటీలనే." మరో అడుగు. "పైన గాదు. జర కింద." బల్ల దాకా వచ్చి, దాన్ని పట్టుకొని ఆగుతారు. "గేటు పక్కన్నే. గాలి మస్తుగొస్తది." తల్లి ముఖం నెమ్మదిగా మారుతూ ఉంటుంది. ఆయన సోఫాలో కూర్చొని, కాలు సర్దుకొని, గొంతు తగ్గించి ముగిస్తారు: "వాచ్‌మనక్కా. గని డ్యూటీ పక్కా."

వేగంగా నడిచే నటుడికి ఆ దృశ్యం సాధ్యం కాదు. రెండు అంగల్లో సోఫా చేరే మనిషి దగ్గర అబద్ధం తరిగిపోవడానికి వ్యవధి ఉండదు. రాజేశం గారు తన నడకకు పట్టే సమయాన్ని తన మాటలకు తాళంగా వాడుకున్నారు. మొదటి రూపంలో నేను ఆ తాళం మీద స్ప్రింగ్ మోగించాను. రెండో రూపంలో మర్యాద పేరుతో తాళాన్నే తీసేశాను. రెండింటిలోనూ పోయింది ఆయన ప్రతిభే.

తర్వాత ఇద్దరం కలిసి కూర్చున్నాం. నడక పూర్తిగా ఉంచాం. చెప్పు నేలకు రాసుకునే శబ్దం కూడా ఉంచాం. నవ్వు ఎక్కడ వేయాలన్న దగ్గర మాత్రం వాదన జరిగింది. గాలి మస్తుగొస్తది అన్నచోట నవ్వు కావాలని ఆయన పట్టుబట్టారు.

"అక్కడ నవ్వితే వాచ్‌మన్ దగ్గర నవ్వు చప్పబడుతుందన్నా. కొంచెం ఆపుదాం."

"నా గాలిని ఆపుతవా?"

"ఆపుతాను."

"సరే తియ్. గీ మిషన్ నీది." అని నవ్వారు.

వేణు సార్ మధ్యాహ్నం వచ్చి చూశారు. ఆయన చెడ్డవారు కాదు. ప్రకటనలిచ్చే దుకాణదారులకు నిమిషానికి ఇన్ని నవ్వులని జవాబు చెప్పుకోవలసిన మనిషి.

"నవ్వేదమ్మా రమ్యా? సౌండ్ పోయిందా?"

"చివర్లో ఉంది సార్."

"అప్పటిదాకా ఎవడు చూస్తడు? చానల్ మార్చేస్తరు. స్ప్రింగ్ ఉన్నదే పంపుదాం. ఆయనకు గూడ చెప్పు, ఏమనుకోవద్దని."

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. స్ప్రింగ్‌తో ప్రసారమైతే, చూసినవారికి గుర్తుండేది ఒక కాలు మాత్రమే. ప్రతి వారం రావలసిన మాటకారి అక్కడితో ఆగిపోతాడు. నా ఉద్యోగంలో దర్శకుడికి మొదటిసారి ఎదురు చెప్పింది అప్పుడే. "చూసేవాళ్ల దగ్గర రెండూ వేసి చూద్దాం సార్. రేపు ఆదివారం, మా ఇంటికి రండి" అన్నాను. ఆయన కొంత ఆలోచించి, "చాయ్ పోస్తవా మరి?" అన్నారు.

మరునాడు మా ఇంటి ముందుగదిలో మా గల్లీవారు పదిమంది దాకా కూర్చున్నారు. వేణు సార్ గుమ్మం దగ్గర నిలబడ్డారు. ముందు స్ప్రింగ్ ఉన్న రూపం వేశాను. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లలో ఒకరిద్దరు చిన్నగా నవ్వి చాయ్ తాగసాగారు.

తర్వాత నడక ఉంచిన రూపం వేశాను. అడాజన్ ఫ్లాట్ అనగానే వెనక నుంచి ఎవరో "అబ్బో" అన్నారు. ఆ తర్వాత గదిలో చప్పుడు లేదు. వేణు సార్ నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. రాజేశం గారు బల్ల పట్టుకొని గేటు పక్కన్నే అన్నారో లేదో, పక్కింటి లక్ష్మక్క చేతిలోని గ్లాసు కింద పెట్టి అరిచింది:

"ఓయమ్మో, వాడు వాచ్‌మనేనే!"

గది మొత్తం ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వులో చివరి మాట ఎవరికీ వినపడలేదు. "మల్ల వెట్టు, మల్ల వెట్టు" అన్నారు. మళ్లీ వేశాను. ఈసారి తెలిసి కూడా నవ్వారు. లక్ష్మక్క మా అమ్మతో, "మా ఆడబిడ్డకు గిసుంటోడే తెచ్చిండు సంబంధం. వాడు ఉరుక్కుంట వచ్చి చెప్పిండు, పట్టుకోలేకపోయినం" అంది.

మా నాన్న సాధారణంగా టీవీ చూసి ఏమీ అనరు. ఆయన తెరకేసి వేలు చూపించి, వేణు సార్‌తో గంభీరంగా అన్నారు:

"సారూ, గా సోఫా ఇంక జర దూరం వెట్టున్రి. ఇంకో రెండు మాటలు వడుతయి."

వేణు సార్ మొదట నవ్వారు, తర్వాత నవ్వడం ఆపి తెర మీది సోఫా వైపు చూశారు. అక్కడి నుంచే నాతో రాజేశం గారికి ఫోన్ చేయించారు. ప్రతి వారం రావాలని, ఈసారి సోఫా ఇంకొంచెం అవతల పెడతామని నేను చెప్పాను. ఆయన అన్నారు:

"ఎంత దూరం వెడ్తరో ముందుగాల చెప్పున్రి చెల్లె. గంత పొడుగు అబద్ధం అల్లుకొని వస్త."

మా వృత్తిలో హాస్యం కత్తెరలో ఉందని అంటుంటారు. నేనూ అలాగే నమ్మాను. కానీ తెర మీది మనిషి తన శరీరంతో ఏ లెక్క కడుతున్నాడో తెలియకుండా కత్తెర వేస్తే, ఎగతాళి చేసినా దయ చూపినా ఫలితం ఒకటేనని రాజేశం గారి దృశ్యం నాకు నేర్పింది.

ఆ బుధవారం నడక ఉంచిన రూపమే ప్రసారమైంది. తరువాతి వారం నుంచి రాజేశం గారి మాటలు ఆయనే రాసుకుంటున్నారు, రచయితల పేర్లలో ఆయన పేరు వస్తోంది. మిగతా పాత్రలకు మేము ఇంకా స్టింగ్‌లు వేస్తూనే ఉన్నాం. నడకకూ, నత్తికీ, చెవుడుకూ మాత్రం వేయడం లేదు. ఏ దృశ్యమైనా నా దగ్గరికి రాగానే ముందు శబ్దాలన్నీ ఆపి ఒకసారి చూస్తాను, ఆ తర్వాతే పని మొదలుపెడతాను.