రెండో బొక్క

"లేపు. ఒక్కపారి నువ్వే లేపి సూడు తమ్మీ, అప్పుడు ఎర్కయితది. అరె, అట్ల గాదు. కింద పట్టుకో, రెండు చేతులతోని."

అదే గల్లీలో ఉంటాను, చూసిపోదామని వచ్చాను. పట్టుకున్నాను. నల్ల డబ్బా ఒక మూల కాస్త లేచి మళ్ళీ గచ్చు మీద కూలబడింది. మంచం మీద నడుముకు బెల్టు బిగించుకుని పడుకున్న రాజనర్సన్న నవ్వాడు. నవ్వితే నొప్పి లేచిందేమో, సగంలోనే ఆపేశాడు.

"నలభై ఆరు కిలోలు. బియ్యం దుకాణంల కాంటా మీద పెట్టి సూశిన. పంతొమ్మిదేండ్ల సంది మోస్తున్న."

"నువ్వు మోసుడు గాదు, అదే నిన్ను మోపిస్తున్నది" అంది ఆయన భార్య గంగమణక్క. గుమ్మం పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మాట అంటుందే గాని చెయ్యి ఆగదు.

రాజనర్సన్న పగలు బీడీ కార్ఖానాలో కట్టలు ప్యాక్ చేస్తాడు. పెళ్ళిళ్ళ దినాల్లో ఆర్కెస్ట్రాతో పోయి బేస్ గిటార్ వాయిస్తాడు. నాలుగే తీగలు, లావుపాటివి. పాటలో కింది నుంచి వచ్చే ఆ దుమ్ దుమ్ చప్పుడు ఆయనది. ఎవరూ నేర్పలేదు. క్యాసెట్లు అరిగేదాకా విని నేర్చుకున్నాడు. పదిహేనించుల స్పీకరూ, ఆంప్లిఫయరూ ఒకే చెక్కపెట్టెలో బిగించి ఉన్న ఈ డబ్బా నాందేడ్ నుంచి తెచ్చుకున్నది. అది ఎక్కని ఫంక్షన్ హాలు నిజామాబాద్‌లోనూ లేదు, బోధన్‌లోనూ లేదు.

"డాక్టర్ ఫోటో తీసి సూపెట్టిండు. నడుం బొక్కల నడుమ అరిగిందట. ఇంకోపారి గంత బరువు లేపితే కాలు పడిపోతదన్నడు. నేనన్న, సార్, తక్లీఫ్ నా బొక్కలది గాదు, డబ్బా బొక్కలది అని. ఆయనకు సమజ్ గాలె."

నాకూ కాలేదు. మా దిక్కు ఎముకా బొక్కే, రంధ్రమూ బొక్కే. రాజనర్సన్న చెయ్యి చాపి డబ్బా నెత్తి మీద చూపించాడు. వైరు గుచ్చే బొక్కలు రెండున్నాయి. మొదటి దాని చుట్టూ రంగు అట్లాగే ఉంది. రెండోది అరిగి అరిగి తెల్లబడింది.

"మొదటిది నాది. రెండోది నరేందర్‌ది" అన్నాడు.

నరేందర్ కీబోర్డు వాయిస్తాడు, ఆర్కెస్ట్రా ఆయనదే. మొదటి ప్రోగ్రాం దినం ఆయన బాక్సు కాలిపోతే, "జర నాది గిట్ల గుచ్చుకుంటనన్నా" అని ఈ రెండో బొక్కలో పెట్టుకున్నాడట. ఆ వైరు మళ్ళీ బయటికి రాలేదు.

"నేనే పెట్టుకొమ్మన్న తమ్మీ. నా నోటితోనే అన్న."

నడుము పట్టేశాక రాజనర్సన్న హైదరాబాద్‌లో ఒకాయన కొన్నాళ్ళు వాడి, పక్కన పెట్టేసిన చిన్న సామాను కొనుక్కొచ్చాడు. ఆంప్లిఫయరు పుస్తకమంత ఉంది, రెండు కిలోలు. స్పీకరు డబ్బా తొమ్మిది కిలోలు. ఒక్క చేత్తో పట్టుకుని ఆటో దిగొచ్చు. మొన్న మాక్లూర్‌లో ధోతి ఫంక్షన్‌కు మొదటిసారి దాన్నే తీసుకుపోయాడు.

"ఎట్లుండె అన్నా?"

మంచం మీదే ఆయన కుడిచేతి వేళ్ళు కదిలాయి. "ఏం జెప్పాలె. గంత చిన్న దాంట్ల గంత మంచిగ పలికింది. నా వేలు తీగె మీద జారిన చప్పుడు సుత నాకు ఇనొచ్చింది. పంతొమ్మిదేండ్లల్ల ఎన్నడు ఇనలె."

"తర్వాత?"

"నరేందర్ వైరు చేతుల పట్టుకొని వచ్చిండు. 'అన్నా, నాదేడ పెట్టాలె?' అన్నడు. దీనికి ఒక్కటే బొక్క. చుట్టూత తిప్పి సూశిండు, ఎన్కకు సూశిండు. వైరు చేతులనే ఏలాడుతున్నది."

చివరికి నరేందర్ వైరును జనం వైపున్న పెద్ద స్పీకర్లకు కలిపారట. తన చప్పుడు తనకు వినపడక ఆయన రెండు పాటల్లో తాళం తప్పాడు. పాడుతున్న రోజా తిరిగి చూసింది, నరేందర్‌ను కాదు, రాజనర్సన్నను. వచ్చేటప్పుడు టెంపోలో నరేందర్ అందరికీ వినపడేటట్టు, "అన్న ఇయ్యాల టిఫిన్ డబ్బా తెచ్చుకున్నడు, మనకు పెట్టలె" అన్నాడు. అందరూ నవ్వారు.

"నేను గూడ నవ్విన" అన్నాడు రాజనర్సన్న.

ఇవాళ బోధన్‌లో రిసెప్షన్. పొద్దున నరేందర్ ఫోన్ చేసి, పెద్దదే తేవాలన్నాడు, నాలుగింటికి టెంపో ఇంటి ముందుకు పంపుతానన్నాడు. గోడ గడియారంలో మూడూ నలభై అవుతోంది.

"నడుం సంగతి చెప్పలేదా అన్నా?"

"చెప్పిన. 'అయ్యో, నువ్వు పండుకో అన్నా, డబ్బా ఒక్కటి ఇయ్యి చాలు' అన్నడు. 'బేస్ కీబోర్డు మీద నా ఎడమ చేతుల ఉన్నది, డబ్బానే లేదు' అన్నడు."

గంగమణక్క దారం తెంపింది. "మంచిమాటనే గద అన్నడు. డబ్బాను పంపు, మనిషివి ఇంట్ల ఉండు. నేను గూడ గదే అంటున్న పొద్దటి సంది."

నాకూ అదే తోచింది. అడిగేశాను. "పంపేస్తే ఏమైతది అన్నా?"

ఆయన తల తిప్పి పెద్ద డబ్బా దిక్కు చూశాడు. బయట ఎవరిదో బండి స్టార్ట్ కాక దగ్గుతోంది.

"ఇయ్యాల డబ్బా ఒక్కటే పోతది. ఆయన ఎడమ చేత్తోని నాది వాయిస్తడు. మంచిగనే వాయిస్తడు, నాకెర్క. పెండ్లోళ్ళకు ఫరకు దెల్వదు. రేపటి సంది టెంపో వస్తది, డబ్బాను ఎక్కిచ్చుకుంటది, పోతది. నేను గీ మంచం మీదికెల్లి సూస్తుంట. డబ్బాతోని పోతే కాలు పోతది. డబ్బా ఒక్కటి పోతే నేనే పోత. చిన్నది పట్టుకపోతే..." ఆగాడు. "చిన్నది పట్టుకపోతే ఆయన మొకం మాడ్సుకుంటడు. అంతనే గద? మాడ్సుకోనీ."

"మరి ఆ ముచ్చట నరేందర్‌కు ఫోన్ల చెప్పరాదా?" అంది గంగమణక్క.

"ఆడు 'అన్నా' అంటడే. ఆ 'అన్నా' నడుమ నాకు మాట రాదు."

"అవు, నాతోనైతే మస్తు మాటలొస్తయి."

రాజనర్సన్న మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. మొహమంతా చెమట. గంగమణక్క చాట పక్కన పెట్టి చిన్న డబ్బా సంచి తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఉంచింది. గోడకున్న గిటారు దించింది. ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు, వంగకుండా, కాలితోనే.

"తమ్మీ, నువ్వు పో. గల్లీ మొగదల నిలబడు. టెంపో రాంగనే ఆడనే ఆపు, ఇంటిదాక రానియ్యకు. ఆడు వాకిట్లకొచ్చి ఆ డబ్బా మీద చెయ్యేసి 'పట్టన్నా' అన్నడనుకో, నేను పట్టి లేపుత. నన్ను నేను ఎర్కే. రాజనర్సన్న చిన్నది పట్టుకొని బోధన్ బస్సెక్కిండు, నీకు బాక్సు గావాల్నంటే టెంట్‌హౌసుల కిరాయికి తీసుకోమన్నడు అని చెప్పు."

"ఇంకా ఎక్కలేదు గదన్నా!"

"నువ్వు జెప్పెతాల్లకు ఎక్కుత. ఎన్క గల్లీల నుంచి పోత. తలుపుకు తాళం ఉన్నదని గూడ చెప్పు. పో, ఉరుకు, మళ్ళి సూడకు!"