ఫ్యూజులన్నీ నా కొంగులో

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్లో అందరి టీవీలూ ఆగిపోయాయి. అదీ ఇండియా మ్యాచ్ ఆఖరి ఓవర్లలో. ఇలాంటప్పుడు మామూలుగా కరెంటాఫీసు వాళ్లని తిట్టుకుంటాం కదా, ఈసారి పాపం వాళ్లకేం సంబంధం లేదు. ఆ ఘనత పూర్తిగా నాది. నేను చేయబోయిందల్లా ఎవరికీ ఇబ్బంది లేకుండా నాలుగు పాటలు వినడం.

నాకు పాటలంటే పిచ్చి. అవీ మెత్తమెత్తగా వినేవి కావు, డప్పు మోగితే కిటికీ అద్దాలు అదరాలి. కాకినాడలో మా పుట్టింట్లో అలాగే వినేదాన్ని. పక్కింటి అత్తయ్య "ఇంకాస్త పెంచవే, వంటింట్లోకి రావట్లేదు" అని కేకేసేది. ఇక్కడ కొత్తగూడలో అలా కుదరదు. మన నేలే కిందివాళ్లకి పైకప్పు.

పైగా మావాళ్లంతా ఒక రాత్రి రైలు ప్రయాణం అంత దూరంలో ఉన్నారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని భయపడి, మా ఆయన ఆఫీసువాళ్లు ఆదివారాలు కూడా పిలిపిస్తున్నారు. ఇద్దరాడపిల్లలతో నేనొక్కదాన్నే. చిన్నదానికి జ్వరం ముంచుకొస్తే స్కూటర్ మీద దవాఖానకి తీసుకెళ్లింది కింది ఫ్లాటు నర్సింగరావు బాబాయిగారు. నేను బజారుకెళితే పిల్లలకి అన్నం పెట్టేది వాళ్లావిడ లక్ష్మమ్మ పిన్నిగారు. అలాంటివాళ్లు ఒక్కరోజు మొహం ముడుచుకుంటే ఈ ఊళ్లో నా పిల్లలకి ఇంకెవరున్నారు? అందుకని మా ఇంట్లో పాట దోమ పాడినట్టే ఉండేది. నేను టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి వినేదాన్ని.

ఆ ఆదివారం పిల్లలు మ్యాచ్ చూడ్డానికి పిన్నిగారింటికి వెళ్లారు. నాకో ఆలోచన వచ్చింది. అసలు ఎంత సౌండ్ పెడితే కిందికి వినిపిస్తుందో ఒకసారి టెస్ట్ చేసుకుంటే, అంతవరకూ హాయిగా పెట్టుకోవచ్చు కదా. కిటికీలన్నీ మూశాను. బాల్కనీ తలుపు సందులో దుప్పటి కుక్కాను. కొత్త క్యాసెట్ వేసి వాల్యూమ్ చివరికంటా తిప్పాను. బయటికొచ్చి తలుపు గట్టిగా లాగాను. తలుపు తెరిచి ఉంటే టెస్టు తప్పు వస్తుందని.

కిందికి దిగి పిన్నిగారి తలుపు దగ్గర చెవి పెట్టాను. లోపల టీవీ గోల, అరుపులు. నాకు మాత్రం వాటి వెనక మా డప్పే వినిపిస్తోంది. భయపడేవాళ్ల చెవులు అలాగే ఉంటాయి. వెంటనే తగ్గించేద్దామని పైకి పరిగెత్తి తలుపు తోశాను. రాలేదు. మాది లాగితే పడిపోయే తాళం. తాళంచెవి లోపల ఫ్రిజ్ మీద ఉంది. రెండోది మా ఆయన జేబులో, ఆఫీసులో ఉంది.

క్యాసెట్ అయిపోతే అదే ఆగుతుందిలే అనుకున్నాను. కానీ అది ఆటో రివర్స్. ఒకవైపు అయిపోతే రెండోవైపు తనే మొదలెడుతుంది. కొన్నప్పుడు ఈ మాట కనిపించిన వాళ్లందరికీ చెప్పి మురిసిపోయాను. ఇక కరెంటైనా పోతే బాగుండునని దణ్ణం పెట్టుకున్నాను. రోజూ ఆ టైముకి తప్పకుండా పోయే కరెంటు ఆవేళ పోలేదు.

అప్పుడు పార్కింగ్‌లో మీటర్ల బోర్డు గుర్తొచ్చింది. మా ఫ్లాటు ఫ్యూజు పీకేస్తే సరి. వెళ్లి చూస్తే, మొన్న సున్నం వేసినవాళ్లు ఫ్లాటు నంబర్ల మీద కూడా వేసేశారు. ఏది మాదో తెలియదు. వాచ్‌మన్ ఊరెళ్లాడు. ఒకటి పీకాను. పాట ఆగలేదు. ఇంకోటి పీకాను. ఆగలేదు సరికదా, కాస్త పెరిగినట్టు అనిపించింది. పీకినవి తిరిగి పెట్టొచ్చు కదా అంటారేమో. "ఏదైనా అయితే ముందు ఫ్యూజు పీకెయ్, పెట్టడం నేనొచ్చి చూసుకుంటా" అని మా ఆయన నాకు పీకడం వరకే నేర్పాడు. పీకినవన్నీ కొంగులో వేసుకుంటూ పోయాను. చిత్రమేమిటంటే, ఒక్కో ఫ్యూజు పీకినకొద్దీ మా పాట ఇంకా పెద్దగా వినిపిస్తోంది. ఒక్కో టీవీ నోరు మూస్తున్నానన్న సంగతి నాకు తట్టలేదు. ఆఖరిది పీకాక బిల్డింగంతా నిశ్శబ్దమైపోయింది. మా డప్పు తప్ప.

ఒక్క నిమిషంలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముందు నర్సింగరావు బాబాయిగారు, వెనక పిన్నిగారు, మా పిల్లలు, పై అంతస్తు మూర్తిగారు, ఇంకా అందరూ.

"ఎవడ్రా ఫ్యూజులు పీకింది? ఆఖరి ఓవర్ల ఏంది గీ పరేషాన్?" అంటూ దిగిన బాబాయిగారు నన్ను చూసి ఆగిపోయారు.

"కొంగుల ఏం పట్టుకున్నవ్ బిడ్డా?" అంది పిన్నిగారు.

చిక్కుడుకాయలు కోసుకొచ్చినట్టు నిలబడి ఉన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"క్షమించండి బాబాయిగారూ. పాట అంత పెద్దగా పెట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. ఇంకెప్పుడూ పెట్టను."

"పాటనా? ఏం పాట?"

అందరూ తలలెత్తి విన్నారు.

"గిది మీ ఇంట్లకెల్లి వస్తుందా? మాకేం వినవడలే. ఆ టీవీ లొల్లిల బాంబు పడ్డా వినవడదు" అన్నారు బాబాయిగారు.

మూర్తిగారు కళ్లజోడు సరిచేసుకున్నారు. "అది సరేనమ్మా, కరెంటు లేకుండా ఎలా పాడుతోందీ?"

నేనూ అదే ఆలోచిస్తున్నాను. మా పెద్దది సమాధానం చెప్పింది. "అమ్మే మొన్న పెద్ద సెల్లులు వేసింది అంకుల్. కరెంటు పోతే మా పద్యాల క్యాసెట్ మధ్యలో ఆగిపోతోందని."

బాబాయిగారు నా కొంగులోంచి ఒక్కో ఫ్యూజూ తీసి బోర్డుకి పెట్టారు. అందరూ ఇళ్లలోకి పరిగెత్తేసరికి టీవీలో ఆటగాళ్లు చేతులు కలుపుకుంటున్నారు. గెలిచాం. ఎలా గెలిచామో మా బిల్డింగ్‌లో ఒక్కరికీ తెలియదు.

నేను మెట్ల మీదే కూర్చున్నాను, తిట్లు వస్తాయని ఎదురుచూస్తూ. పిన్నిగారు టీ గ్లాసులు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"మ్యాచ్ ఎట్లాగూ పాయె. గీ పాటన్న విననియ్యి" అని మోకాలి మీద దరువు వేసింది. మా పిల్లలు గెంతడం మొదలుపెట్టారు. మూర్తిగారి భార్య మరమరాలు తెచ్చింది. మా ఆయన వచ్చేసరికి మెట్ల నిండా జనం.

"ఎవరింట్లో ఫంక్షన్?" అన్నాడు.

"మనింట్లోనే. ముందు తాళం తియ్యండి" అన్నాను.

వెళ్లేటప్పుడు బాబాయిగారు నన్ను ఆపారు. "ఇగో బిడ్డా, పాట ఎంత జోరుగనన్న పెట్టుకో. మాకేం ఫికర్ లేదు. వినవడ్తుందా లేదా అని సూడనీకి మాత్రం కిందికి రాకు."

మర్నాడే వడ్రంగిని పిలిపించి మీటర్ల బోర్డుకి తలుపు పెట్టించారు. దానికో తాళం. తాళంచెవి ప్రతి ఫ్లాటుకీ ఒకటి ఇచ్చారు, మాకు తప్ప.